తోడల్లుళ్ల వెలుతురు తగాదా

పాల డెయిరీలో పని ఎందుకు ఆగిపోతోందో అందరికన్నా ముందు కనిపెట్టినవాణ్ణి నేనే. మేనేజరుకన్నా ముందు, ఆ ఇద్దరు తోడల్లుళ్లకన్నా ముందు. కావాలంటే గేటు దగ్గర టీకొట్టువాణ్ణి అడగండి. వాడు కాదంటే వాడి టీలో పాలెన్నో నీళ్లెన్నో నేను బయటపెడతాను, అప్పుడు ఔనంటాడు. సరే, నా గొప్ప ఎక్కడికీ పోదు. ముందు తోడల్లుళ్ల సంగతి.

ఒకే ఇంటి ఆడపిల్లల్ని చేసుకున్న ఇద్దరు మగవాళ్లు ఒకే చోట కొలువు చేయకూడదు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. కత్తులు నయం, వాటికి అత్తగారుండదు.

పెద్దల్లుడు నేల తవ్వి గొట్టాలు పాతి, వాటిలో ఫైబర్ తీగలు లాగే మనిషి. డెయిరీ ఆవరణలో ఏ మూల గునపం వేసినా ఆయన గొట్టమే ఖంగుమంటుంది. అందుకని ఆయన పేరు గొట్టం. చిన్నల్లుడు స్విచ్‌లు చూసే మనిషి. లైటు వేసే గోడ స్విచ్‌లు కావు, ఒక చోటి యంత్రం చెప్పిన లెక్కని ఇంకో చోటి యంత్రానికి మోసుకెళ్లే పెట్టెలు. వాటి మీద పచ్చ దీపాలు మిణుకుమంటుంటేనే ఇతనికి అన్నం సహించేది. ఇతని పేరు దీపం.

తగాదా దీపం పెళ్లిరోజునే పుట్టింది. హాల్లో లైట్ల పెద్దరికం గొట్టానిది. బంధువులంతా కూర్చున్నాక ఠక్కున చీకటి. గొట్టం తీగలు తడుముకుంటూ "ఒక్క నిమిషం, ఒక్క నిమిషం" అంటుంటే, పెళ్లికొడుకే లేచి వెళ్లి, ఊడిన తీగ తగిలించి, వచ్చి మళ్లీ పెళ్లికూతురి పక్కన కూర్చున్నాడు. కూర్చున్నవాడు ఊరుకున్నాడా?

"అన్నగారూ, మీరు నేలలో పాతిపెట్టే పని చూసుకోండి. పైన వెలుతురు సంగతి నాకొదిలేయండి" అన్నాడు.

జనం నవ్వారు. మావగారూ నవ్వాడు. ఆ నవ్వు గొట్టం గొంతులో చేపముల్లులా అడ్డంపడి అక్కడే ఉండిపోయింది. అప్పట్నుంచీ ఇద్దరూ ఒకే ఇంట్లో కాపురం, గొట్టం కింద, దీపం మీద. ఒకే డెయిరీలో పని. ఒకరి ముఖం ఒకరు చూడాల్సొస్తే మధ్యలో గోడ ఉంటే బాగుండుననుకునేవాళ్లు.

డెయిరీకి గేటు వైపు ఒక షెడ్డు ఉంది. టాంకర్లు వస్తే అక్కడ పాలు తూస్తారు. నేల ఎప్పుడూ తడి, మూలల్లో పులిసిన వాసన, రబ్బరు గొట్టాల మీద ఈగలు. ఆవరణకి ఆ చివర ప్యాకింగు హాలు, దాని మీద దీపం గది. షెడ్డులో ఒక స్విచ్, దీపం గదిలో ఒక స్విచ్. రెంటికీ మధ్య నేలలో గాజు తీగలు రెండు. వెంట్రుకంత సన్నం. ఒకటి అటు కబురు తీసుకెళ్లేది, ఒకటి ఇటు తెచ్చేది. కబురంటే వెలుతురే, కంటికి కనపడని వెలుతురు. స్విచ్‌లో దూర్చే మాడ్యూల్ అనే వేలెడంత ముక్క దాన్ని కొడుతుంది, అవతలి మాడ్యూల్ పట్టుకుంటుంది.

హద్దులు మాత్రం పొలం గట్లకన్నా గట్టివి. తీగ రెండు చివర్లా నేలలోంచి పైకొచ్చి ఒక్కో డబ్బాలో చేరుతుంది. డబ్బా దాకా గొట్టానిది. డబ్బా నుంచి స్విచ్‌కి వెళ్లే ప్యాచ్ కార్డు అనే పొట్టి తీగ, స్విచ్, మాడ్యూల్ దీపానివి. ఒక డబ్బా దీపం గది గోడకే ఉన్నా దాని మూత ముట్టుకునే హక్కు దీపానికి లేదు. షెడ్డులో ప్యాచ్ కార్డు రోజూ గొట్టం ముక్కు ముందే వేలాడుతున్నా దాన్ని తాకే హక్కు గొట్టానికి లేదు.

ఉన్నట్టుండి ఆ లింకు తెగిపడటం మొదలైంది. పచ్చదీపం ఆరుతుంది, వెలుగుతుంది, నారింజరంగుకి తిరుగుతుంది, మళ్లీ ఆరుతుంది. లింకు తెగితే తూకం లెక్క లోపలికి రాదు. లెక్క రాకపోతే టాంకరు కదలదు. గేటు బయట లారీల వరుస ఎంత పొడుగైందంటే, తోక దగ్గరి లారీలో పాలు ఎండకి తోడుకుని పెరుగైపోయాయి. డ్రైవరు కోపంకొద్దీ బండిని ముందుకీ వెనక్కీ కుదిపేసరికి వెన్న కూడా తేలింది.

మేనేజరు ఇద్దర్నీ పిలిచాడు. ఆయనకి పాలలో వెన్న శాతం తప్ప ఈ లోకంలో ఇంకేదీ తెలియదు. తెలుసుకోవాలన్న కోరికా లేదు.

"తప్పెవరిది?"

"పెట్టెలది" అన్నాడు గొట్టం.

"తీగది" అన్నాడు దీపం.

"నా తీగ అద్దంలా ఉంది సార్. అప్పట్లో పాత ఇంజనీరు నా డబ్బాల్లో రెండు చివర్లా ఏవో బిరడాలు బిగించి పోయాడు, దారికి అడ్డంగా. ఈ మధ్యే వాటిని పీకేశాను. ఇప్పుడు ఒక్క అడ్డు లేదు. వెలుతురు పరిగెత్తుతుంది."

"నా వెలుతురు గనకే పరిగెత్తుతోంది సార్. పాత మాడ్యూల్స్ తీసేసి రెండు వైపులా కొత్తవి పెట్టాను. కొండవతలి దాకా కొట్టే రకం. అయినా అన్నగారి తీగ తాగేస్తోంది."

"తాగడానికి నా తీగేమన్నా మీ మావగారా?"

"ఆయన మీక్కూడా మావగారే!"

మేనేజరు బల్ల మీద కొట్టాడు. "కొలిచే పద్ధతి ఏదో ఉందన్నారుగా. రేపు పొద్దున, మొదటి టాంకరు వచ్చే వేళకి, నేను ఉండగా కొలవండి. వెలుతురు ఎవరి హద్దులో పడిపోతోందో వాళ్లు కొండవతల చల్లబరిచే కేంద్రానికి. ఎక్కడా పడిపోలేదా, అప్పుడు తప్పు పెట్టెలదే, నీదేనయ్యా దీపం. సర్దుకో."

కొండవతలి కేంద్రమంటే నాలుగు గోడలు, రెండు తొట్లు, ఒక కుక్క. ఆ కుక్క కూడా అక్కడ ఉండలేక వారానికోసారి కొండ దిగి వస్తుందని చెప్పుకునేవారు.

ఆ చివరి మాటకే దీపం హడలిపోయాడు. ఎందుకంటే అతను అప్పటికే తన గదిలో కొలిచి చూసుకున్నాడు. ఈ కొలత సున్నా నుంచి కిందికి, మెట్లు దిగినట్టు మైనస్‌లో ఉంటుంది. ఎంత దిగితే అంత చీకటి. అతని దగ్గర మైనస్ ఒకటి చూపిస్తోంది. వెలుతురు దండిగా ఉంది. అంటే తీగ బాగుంది. అంటే రేపు పొద్దున తప్పు తనదే. వెలుతురు కొలత హద్దు దాటితే స్విచ్ ఎర్రగుర్తు వేసి హెచ్చరిస్తుంది కదా, అది ఏమన్నా చెప్పిందా అంటే, దాని నోరు దీపమే ఏనాడో నొక్కేశాడు. ఒకసారి గొట్టం అటుగా వచ్చి ఆ ఎర్రగుర్తు చూసి పళ్లికిలించాడని.

ఇంటికెళ్తే మెట్ల దగ్గరే వదినగారు, గొట్టం భార్య, చేతిలో టేపు పట్టుకుని దీపం గుమ్మాన్ని అడ్డంగా నిలువుగా కొలుచుకుంటోంది.

"ఏంటి వదినా?"

"ఏం లేదు మరిదిగారూ. మీది ఖాళీ అయితే మేం పైకొచ్చేస్తాం. పరదాలకి కొలతలు."

లోపల భార్య బియ్యం చేటలో పోసి విసిరి విసిరి చెరుగుతోంది. ఊళ్లో బట్టలకొట్టు తెరిచి, ఇప్పుడిప్పుడే పేరు తెచ్చుకుంటున్న మనిషి.

"కొండవతలికి నేను రాను. ముందే చెబుతున్నా."

"ఎవరు వెళ్తున్నారు?"

"మా అక్క టేపు చెప్పింది ఎవరు వెళ్తున్నారో. వెళ్లండి. వెళ్లి ఆ కుక్కతో కాపురం చేయండి. పరదాలకి బట్ట కూడా నా కొట్లోనే కొంటుందట, తగ్గించి ఇమ్మంది!"

మరునాడు సూర్యుడింకా ఒళ్లు విరుచుకుంటుండగానే దీపం తన గదికి చేరాడు. మనిషి మంచివాడే. కానీ మంచివాడికి ఎవరూ చూడని మూల దొరికితే పిల్లికి పాలగిన్నె దొరికినట్టే. గోడకున్న డబ్బా వంక చూశాడు. గొట్టం డబ్బా. తలుపు గడియ వేశాడు. మూత తీశాడు.

లోపల సన్నటి తీగ చుట్ట. షెడ్డు నుంచి తనకి వెలుతురు తెచ్చే తీగ ఏదో పోల్చుకున్నాడు. గాజు తీగ నిటారుగా ఉన్నంతసేపే బుద్ధిమంతురాలు. బిగువుగా వంచితే వంపు దగ్గర వెలుతురు పక్కకి ఒలికిపోతుంది. జేబులోంచి పెన్సిల్ తీసి తీగని దానిచుట్టూ గట్టిగా చుట్టి, నల్ల టేపు అంటించి, చుట్ట వెనక్కి తోసి, మూత పెట్టేశాడు. ఇక మేనేజరు రావడం, కొలవడం, వెలుతురు గొట్టం హద్దులో పడిపోయిందని తేలడం, వదినగారు ఆ టేపుతో కొండవతల గుమ్మాలు కొలుచుకోవడం.

చేతులు తుడుచుకున్నాడు. చెమట మాత్రం తుడిచినకొద్దీ వస్తూనే ఉంది. ఏసీ గది అది!

మేనేజరు వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. షెడ్డులో ఉన్న గొట్టం ఫోనులో ఉన్నాడు. దీపం ఫోను బల్ల మీద పెట్టి, గదంతా వినపడేలా స్పీకరు వేశాడు. కిటికీలోంచి చూస్తే మొదటి టాంకరు తూకం మీదికి ఎక్కుతోంది. దీపం తన ఎదుట పచ్చదీపం వంకే చూస్తున్నాడు, ఇప్పుడు ఆరుతుంది, ఇప్పుడు ఆరుతుంది అని.

ఆరలేదు.

మొదటి టాంకరు లెక్క వచ్చింది. రెండోది వచ్చింది. ఎన్నడూ లేనంత చక్కగా, పచ్చగా, ముద్దుగా మిణుకుమంటోంది పాడు దీపం.

"కొలవవయ్యా" అన్నాడు మేనేజరు.

దీపం కొలత చూశాడు. "మైనస్ పదమూడు సార్."

"నిన్నటిదాకా?"

"మైనస్ ఒకటి."

"పెరిగిందన్నమాట."

"తగ్గింది సార్."

"ఒకటికన్నా పదమూడు ఎక్కువ కదయ్యా!"

"బావిలోకి మెట్లు సార్. నిన్న ఒక మెట్టు కింద, ఇవాళ పదమూడు మెట్లు కింద."

"అంత కిందికి పోతే ఇంత బాగా ఎలా నడుస్తోంది?"

అదే దీపానికీ అర్థం కాలేదు. బుర్ర గోక్కున్నాడు. లోపల తిరగలి తిరుగుతోంది. వెలుతురు దండిగా ఉన్నప్పుడు చచ్చింది, తగ్గిస్తే లేచి కూర్చుంది. నడి ఎండలోంచి వచ్చినవాడికి ఇంట్లో మనుషులు కనపడనట్టు... పట్టుకునే మాడ్యూల్‌కి కళ్లు బైర్లు కమ్మాయా? కొండవతలి దాకా కొట్టే వెలుతురుని ఆవరణకి ఈ చివర నుంచి ఆ చివరకి, ముఖం మీద ముఖం పెట్టి కొట్టాడు తను. ఆ పాత ఇంజనీరు బిరడాలు చెత్త కాదు, చలవద్దాలు. వెలుతురు తగ్గించడానికే ఆయన వాటిని పెట్టింది. వాటిని గొట్టం పీకేశాడు. ఒకడు నా తీగకి సాటి లేదనిపించుకోవాలని, ఒకడు నా వెలుతురుకి తిరుగు లేదనిపించుకోవాలని, ఇద్దరూ కలిసి పెట్టెల కళ్లు పొడిచారు.

ఇక్కడ నా గొప్ప సంగతి కూడా చెప్పేస్తాను. నేను అందరికన్నా ముందు కనిపెట్టానన్నాను కదూ? కనిపెట్టాను. ఎలుకలు కొరికాయని కనిపెట్టాను. టీకొట్టు దగ్గర నిలబడి, ఎలుక ఏ పంటితో కొరికిందో కూడా చెప్పాను. ఆ డెయిరీలో అప్పుడు ఎలుకలే లేవట, గేటు పిల్లి పుణ్యమా అని. పోనివ్వండి.

దీపం బుర్రలో ఇంకో ముల్లు గుచ్చుకుంది. తను చుట్టింది తనకి వచ్చే తీగని మాత్రమే. షెడ్డుకి వెళ్లే తీగని వేలితో కూడా తాకలేదు. అక్కడి స్విచ్ ఇంకా గుడ్డిదిగానే ఉండాలి. ఒక కన్నే తెరుచుకుంటే లింకు నిలబడదు, రెండూ తెరుచుకోవాలి. షెడ్డు స్విచ్ కొలత తన తెర మీదికి తెచ్చి చూశాడు.

మైనస్ పన్నెండు.

ఓరి గొట్టంగాడా!

కింద టాంకరువాడెవడో తూకం మీద బండి వంకరగా ఆపాడు. మేనేజరు కిటికీలోంచి సగం బయటికి వంగి వాడి తాతముత్తాతల్ని తలుచుకుంటున్నాడు. దీపం స్పీకరు ఆపి ఫోను చెవికి ఆనించుకున్నాడు.

"అన్నగారూ. షెడ్డులో నా ప్యాచ్ కార్డుని దేనికి చుట్టారు?"

అవతల ఈగల చప్పుడు. తర్వాత గొట్టం గొంతు, అడుగు నుంచి తోడినట్టు. "అక్కడ నా డబ్బా మూత ఎవడు తీశాడో ముందు అది చెప్పు."

"మీరు ముందు చెప్పండి. పెద్దవాళ్లు."

"స్క్రూడ్రైవరు పిడికి. నీది?"

"పెన్సిల్."

"సిగ్గులేదా నీకు?"

"మీ దగ్గర మిగిలితే పంపండి."

"నోరు తెరిచావో, నేనూ తెరుస్తా" అన్నాడు గొట్టం. "నాతోపాటు నువ్వూ కొండవతలికే."

"మీతోనా? ఒకే గదిలోనా?"

గొట్టం అంతదాకా ఆలోచించినట్టు లేదు. "కుక్కతో పడగలనయ్యా. నీతో పడలేను" అన్నాడు.

"ఆ బిరడాలు ఎక్కడ పారేశారు?"

"పారేశానని ఎవడన్నాడు? పీకేశానన్నాను. నా సంచిలో ఉన్నాయి."

తప్పు నాదని ఇద్దరిలో ఎవరూ అనలేదు. అప్పుడూ అనలేదు, ఇప్పటికీ అనలేదు. గాజు తీగని అలా చుట్టి ఉంచితే కొన్నాళ్లకి పుటుక్కుమంటుందని ఇద్దరికీ తెలుసు. ఆ చలవద్దాలు మళ్లీ బిగించక తప్పదని తెలుసు. బిగించాలంటే ఒక చివర ఒకడు, ఒక చివర ఒకడు, ఒకేసారి పట్టుకోవాలని కూడా తెలుసు. చేదుమందు మింగినట్టు మింగారు.

మేనేజరు తల లోపలికి తీసుకున్నాడు. "ఇంతకీ కారణమేంటి?"

దీపం మళ్లీ స్పీకరు వేశాడు. "వెలుతురు ఎక్కువైపోయింది సార్. పెట్టెలకి కళ్లు బైర్లు కమ్మాయి. అన్నగారూ నేనూ కలిసి... తగ్గించాం."

మేనేజరు స్టూలు వెతుక్కుని కూర్చున్నాడు. లారీలో పెరుగు తోడుకుందంటే ఆయన నమ్మాడు. వెన్న తేలిందన్నా నమ్మాడు. "ఎవరు? మీరిద్దరూనా? కలిసా?"

"అవును సార్" అంది ఫోను, పళ్లు కొరుకుతూ.

మేనేజరు కాసేపు దీపాన్ని, కాసేపు ఫోనుని చూశాడు. ఆయనకి వెన్న శాతమే తెలుసునన్నాను. కానీ పాలలో నీళ్లు కలిపినవాడి ముఖం ఎలా ఉంటుందో ఆయనకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

"బదిలీ ఎవరికీ లేదు" అన్నాడు లేచి. "ఇంత బాగా కలిసి పనిచేసేవాళ్లని విడదీస్తే పాపం. రేపట్నుంచి ఇద్దరికీ ఇదే గది. ఒకే బల్ల. ఎదురెదురుగా రెండు కుర్చీలు. డబ్బా, పెట్టె, తీగ, ప్యాచ్ కార్డు, అన్నీ ఇద్దరివీ. ఇక హద్దు లేదు."

ఫోనులోంచి గొట్టం గొంతు నెమ్మదిగా అడిగింది.

"సార్, ఆ కొండవతల ఖాళీ ఇంకా ఉందా?"

సాయంత్రం దీపం ఇంటికెళ్లేసరికి వదినగారి పరదాలు అప్పుడే కుట్టించేసి ఉన్నాయి. పై గుమ్మం కొలతకి కుట్టినవి కింద గుమ్మానికి కట్టుకోవాల్సొచ్చింది. మూరెడు పొడుగై నేల ఊడుస్తున్నాయి. దీపం భార్య గుడ్డ ధర తగ్గించి ఇవ్వలేదట, పైగా రెండు జానలు ఎక్కువ అంటగట్టిందట. ఆ రాత్రి దీపానికి అన్నంలో నెయ్యి రెండుసార్లు పడింది.

మర్నాడు గొట్టం ఉలుకూ పలుకూ లేకుండా దీపం గదిలోకి వచ్చి, ఒక చలవద్దాన్ని బల్ల మీద టక్కుమని పడేసి, రెండోది జేబులో వేసుకుని షెడ్డుకి వెళ్లిపోయాడు. టాంకర్ల హడావుడి తగ్గాక ఫోను మోగింది.

"చుట్టు విప్పాను" అన్నాడు గొట్టం.

"నేనూ విప్పాను."

"దుమ్ము తుడిచావా? నీకు ఆ అలవాటు లేదు."

"మీ వేళ్లు పడ్డాక తుడవకుండా ఉంటానా!"

"బిగించు."

"బిగించాను. మీరు?"

"ఎప్పుడో. ఎంత చూపిస్తోంది?"

"మైనస్ పదకొండు. మీకు?"

"అంతే."

రెండు చివర్లా రెండు దీపాలు పచ్చగా నిలబడ్డాయి. దీపం తన స్విచ్‌కి పోయిన నోరు తిరిగి ఇచ్చాడు, ఇక ఎర్రగుర్తు వేయాల్సొస్తే వేసుకోమని. ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది.

"సరే తమ్ముడూ" అన్నాడు గొట్టం. "ఫోను పెట్టు."

ఇంతే సంగతి. మీరు ఆ పెరుగు లారీ దగ్గరే నన్ను పట్టుకుందామని చూస్తున్నారని నాకు తెలుసు. లారీ నిజం. వెన్న ముప్పాతిక నిజం. వదినగారి టేపు నిజం, నేల ఊడ్చే పరదాలు నిజం, పెన్సిలూ స్క్రూడ్రైవరూ నిజం. నేను కల్పించింది ఒక్కటే, ఆ "తమ్ముడూ" అన్న మాట. గొట్టం దాన్ని అనలేదు. ఆ రోజూ అనలేదు, ఎదురెదురు కుర్చీల్లో కూర్చుని అన్నేళ్లు ఒకరి క్యారేజీ ఒకరు మూతి తిప్పుకుంటూ చూసుకున్నా అనలేదు. "సరే" అన్నాడు. "ఫోను పెట్టు" అన్నాడు. కానీ ఆ రెంటికీ మధ్య కాస్త ఆగాడట. ఒక మాట పట్టేంత చోటు ఖాళీగా పడి ఉంటే చూస్తూ ఊరుకోలేక, దాన్ని తెచ్చి అక్కడ పెట్టాను.